రిచీ స్ట్రీట్‌లో హెర్క్యులిస్

చెన్నై,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకునే ఉంటావు. ఆఫీసు, ఇల్లు మారడం, అమ్మ మోకాలు (ఇప్పుడు నయమే) అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. పిల్లాడికి స్కూల్లో సీటొచ్చింది. మిగతావి ఫోన్లో. ఇది మాత్రం రాయకపోతే నిద్ర పట్టదు.

నిన్న చార్జర్ కొందామని ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ వెళ్లా. ఓ కొట్టు బయట పాత బోర్డులు కిలోల లెక్కన అమ్ముతున్నారు. ఆ కుప్పలో ఓ పొడుగాటి కార్డు. వెనక తొమ్మిది పిన్నుల సాకెట్, పక్కనే ప్రింటర్ పోర్టు, అంచున బంగారు పూత సగం అరిగిపోయి ఉంది. హెర్క్యులిస్ రా, పాత పీసీల్లో తెరమీదికి అక్షరాలూ బొమ్మలూ పంపే కార్డు! నకలే అయ్యుంటుందిలే. ల్యాబ్‌లో మనం కాషాయం స్వామి అని పిలిచే పాత కంప్యూటర్ కడుపులో ఉన్నది ఇదే జాతి. (స్వామివారు సమాధిలోకి వెళ్లిన రోజు నువ్వు చదివిన శ్లోకం ఇక్కడ రాయను, మా ఆవిడ చూస్తుంది.)

దీని పుట్టుక తెలిస్తే నువ్వు ఎగిరి గంతేస్తావు. 1981లో ఐబీఎం పీసీకి తెరని నడిపే కార్డులు రెండుండేవి: ఎండీఏ, సీజీఏ. ఎండీఏలో అక్షరాలు కత్తిలా కనిపించేవి, కానీ బొమ్మలు గీయలేదు. కార్డు మీది చిప్‌లో 256 గుర్తులు ముందే పోసి పెట్టారు. తెరమీద వాటిలోవే రావాలి. సీజీఏకి రంగులున్నాయి, కానీ 320×200 చుక్కల తెరలో నాలుగంటే నాలుగే. ఆ లేత నీలం, ముదురు గులాబీ కలిసిన దరిద్రం నీకు గుర్తే కదా! పైగా దాని అక్షరాలు చదివితే కళ్లు పోతాయి.

అప్పుడు వాన్ సువన్నుకుల్ అనే థాయ్ విద్యార్థికి తన పీహెచ్‌డీ థీసిస్ థాయ్ లిపిలో రాసుకోవాలనిపించింది. ఆ 256లో థాయ్ ఎక్కడుంది? మన గుడీ కొమ్ముల్లాగే వాళ్లకీ హల్లు మీదొకటి, కిందొకటి అచ్చు గుర్తులుంటాయి. ఇంగ్లీషులో రాసుకోమని ఎవరైనా సలహా ఇస్తారు కదా. ఇతను ఏకంగా కార్డే తయారు చేశాడు! 1982లో హెర్క్యులిస్. మెమరీ 64 కేబీ. తెరమీది ప్రతి చుక్కనీ విడిగా వెలిగించొచ్చు, ఆర్పొచ్చు. ఎండీఏ మానిటరే చాలు, అక్షరాలూ అంతే పదునుగా ఉంటాయి.

ఇంకో తమాషా. ఎండీఏ తెర 720×350 చుక్కలు, దీని గ్రాఫిక్స్ 720×348. ఆ రెండు వరసలు ఏమయ్యాయి? ఇది వరసల్ని మెమరీలో నాలుగు ముక్కలకి వంతులవారీగా పంచుతుంది. 350ని నాలుగుతో భాగిస్తే రెండు మిగులుతాయి, 348 అయితే ముక్కకి సరిగ్గా 87! రాత్రి పన్నెండింటికి ఈ లెక్క వేసి నాలో నేనే నవ్వుకున్నా.

అప్పటి లెక్కల పట్టికల సాఫ్ట్‌వేర్ లోటస్ 1-2-3 గ్రాఫులు దీనిమీద వచ్చేసరికి ఆఫీసులన్నీ ఎగబడ్డాయి. తర్వాత ఐబీఎం నుంచే ఇంకా ఎక్కువ రంగులతో 1984లో ఈజీఏ, 1987లో వీజీఏ, ఆ కథ నీకు తెలిసిందే.

మన లిపులకీ కార్డొచ్చింది తెలుసా, ఐఐటీ కాన్పూర్‌లో మొదలై ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్‌కి వెళ్లిన జిస్ట్. అసలు అప్పట్లో మన ల్యాబ్‌లో అదొక్కటి ఉండి ఉంటే నువ్వు ఆ అమ్మాయికి రాసిన... సరే వద్దులే.

మీ అటకమీద పాత 486 కంప్యూటర్ ఉందిగా, దాన్ని పాతసామాను వాడికి వేసెయ్యకు. దానికి ఐసా స్లాటు (ఇలాంటి పాత కార్డులు గుచ్చే గాడి) ఉందో లేదో చూసి వెంటనే చెప్పు. తొమ్మిది పిన్నుల మోనో మానిటర్ ఎక్కడైనా... అమ్మ మందులకి పిలుస్తోంది, ఉంటా.

నీ
డిమ్ముగాడు