రాగి గడప దాటింది: మా వీధివారికి కృతజ్ఞతలు

తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధివారందరికీ నమస్కారం.

నిన్న సాయంత్రం మా కుక్కపిల్ల రాగి తనంతట తానే గడప దాటింది. రెండు మెట్లు దిగి, ఎదురింటి అరుగు దాకా వెళ్ళి, అరుగు అంచు వాసన చూసి, తిరిగి ఇంట్లోకి వచ్చింది. పట్టుమని పదిహేను అడుగులు. చూసినవారు ఒక నవ్వు నవ్వి మీ పనుల్లో మీరు పడిపోయారు. నేను మాత్రం చాలాసేపు గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆ పదిహేను అడుగుల కోసం మీరు రెండు నెలలుగా ఎన్నెన్ని మానుకున్నారో నాకు తెలుసు. ఎదురుపడి చెప్పబోతే "దీనికేముందమ్మా" అని మాట దాటేస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

రాగి మా ఇంటికి వచ్చింది ఏప్రిల్ మొదటి వారంలో. రేణిగుంట దారిలో వాడకం లేని ఒక షెడ్డులో పుట్టిన నాలుగు పిల్లల్లో ఇది చివరిది. తల్లి లారీ కింద పడి చనిపోయింది. మిగతా మూడు పిల్లలనూ ఎవరెవరో తీసుకువెళ్ళారు. కాపలా ఉండే ఆయన పొద్దున ఒకసారి గిన్నెలో అన్నం పెట్టి వెళ్ళేవాడు. అంతకుమించి మనిషి అంటే ఏమిటో దానికి తెలియదు. ఒళ్ళు అప్పుడే దించిన సంగటి ముద్ద రంగులో ఉందని మా పాప దారిలోనే పేరు పెట్టేసింది.

ఇంట్లో దించగానే గ్రైండరుకూ గోడకూ మధ్య ఉన్న జానెడు సందులో దూరింది. అన్నం పెడితే రాలేదు, పిలిస్తే రాలేదు. ఎండాకాలం, దాహంతో ఏమైపోతుందో అన్న కంగారులో నేను చేయి పెట్టి బయటికి లాగాను. అది కరవలేదు, అరవలేదు. నా చేతుల్లోనే మూత్రం పోసేసి బిగుసుకుపోయింది. ఆ బిగుసుకుపోవడం నాకు ఇప్పటికీ అరచేతుల్లో ఉంది. ఆ రాత్రి ఎవరో చెప్పారని దాన్ని వరండాలో పడుకోబెట్టాము. తెల్లవార్లూ ఏడ్చింది. కొత్తపిల్ల ఏడిస్తే ఏడవనివ్వాలి, అదే అలవాటు పడుతుంది అనే మాటను నేను ఇక ఎప్పటికీ ఒప్పుకోను. తల్లి పోయింది, తోబుట్టువులు పోయారు, కిందటి రాత్రి దాకా తెలిసిన నేల కూడా పోయింది. అది ఏడవక ఏం చేస్తుంది?

మూడో రోజు పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. 1955లో మొదలైన ఆ కళాశాల పేరు మా ఇంట్లో ఎప్పుడూ వినిపించేదే. మా తాతగారు ఊరి నుంచి దూడలను అక్కడికే తోలుకువచ్చేవారని నాన్నగారు చెబుతారు. మొదటి కృతజ్ఞత ఆ రోజు రాగిని చూసిన చిన్న వయసు డాక్టరమ్మకు. ఆమె దాన్ని బల్ల మీదికి ఎత్తమనలేదు. తానే నేల మీద, రాగికి పక్కగా తిరిగి కూర్చుని, దాని వైపు చూడకుండా నాతో మాట్లాడుతూ ఉండిపోయారు. పది నిమిషాలకు రాగి బుట్టలోంచి మూతి బయటపెట్టింది. అప్పుడు గాని ఆమె చేయి కదపలేదు.

పళ్ళు చూసి వయసు పదకొండు వారాలు ఉంటుందన్నారు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా లోకం పరిచయమయ్యే వయసట. ఆ రోజుల్లో చూసిన మనుషులను, విన్న చప్పుళ్ళను అది తనవిగా కలుపుకుంటుంది. చూడనివాటికి తరువాత భయపడుతుంది. రాగికి ఆ కాలమంతా షెడ్డులోనే గడిచిపోయింది. ఇక మిగిలింది కొద్ది రోజులే అని విని నాకు గుండె జారిపోయింది. ఆమె మాత్రం తొందరపడవద్దన్నారు. ఆ గడువు దాటితే తలుపు మూసుకుపోదు, కాకపోతే ఎక్కువ ఓర్పు కావాలి అన్నారు. నేను రాగి తల నిమురుతుంటే అది ఆవలించింది. "నిద్ర వచ్చి కాదమ్మా, ఇబ్బందిగా ఉందని చెబుతోంది" అన్నారు. మాటిమాటికీ పెదవులు నాకడం, కళ్ళ తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూడడం, తోక కడుపు కిందికి ముడవడం కూడా అలాంటి మాటలేనట. అంతవరకు అది మాట్లాడుతూనే ఉంది, నేనే వినలేదు.

పురుగుల మందు పట్టించి, మొదటి టీకా వేశారు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా పార్వో అనే ప్రాణాంతకమైన అంటుజబ్బు భయం ఉంటుంది కాబట్టి వీధి నేల మీద దించకూడదు, అలాగని గదిలో దాచకూడదు, బుట్టలో కూర్చోబెట్టి గుమ్మం దగ్గర లోకాన్ని చూపించమన్నారు. పాలు అరగక విరేచనాలవుతున్నాయని గ్రహించి ఆపించారు. ఉడికించిన గుడ్డు, మెత్తటి అన్నం, ఉప్పూకారం ఉల్లిపాయా లేని కోడిమాంసం పెట్టమన్నారు. ఉల్లి కుక్కల రక్తానికి చేటు చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. భయపడినప్పుడు దగ్గర కూర్చుంటే భయం ఇంకా అలవాటవుతుందేమో అని అడిగాను. అలా ఏమీ కాదు, కూర్చోండి అన్నారు. ఆ రాత్రి నుంచి రాగి పాత గోనెసంచి మీద, నా మంచం పక్కనే పడుకుంది. ఏడుపు రెండు రాత్రుల్లో తగ్గిపోయింది.

ఇక మీ సంగతి.

మేడ మీది అక్కా, మీ వంటగది మా వంటగదికి సరిగ్గా పైన ఉంది. కుక్కర్ కూత వినిపించిన ప్రతిసారీ రాగి గ్రైండరు సందులోకి పరుగెత్తేది. ఈ మాట పాప మెట్ల మీద ఎవరితోనో అంటుంటే విన్నారట మీరు. నేను ఏమీ అడగలేదు. మరునాటి నుంచి మీ ఇంట్లో కూత ఆగిపోయింది. ఇరవై మూడు రోజులు, ఆ ఎండల్లో, పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలో ఎసరు పెట్టి అన్నం వార్చారు. నాకు ఈ సంగతి తెలిసింది పద్దెనిమిదో రోజున, మీరు గంజి పారబోస్తుంటే చూసి. ఈలోగా మేము ఫోనులో కూతను రికార్డు చేసి, చాలా సన్నగా వినిపిస్తూ గుడ్డు ముక్క పెట్టడం, రోజుకు కొంచెం శబ్దం పెంచడం చేశాము. ఇప్పుడు మీ కుక్కర్ కూస్తే రాగి వచ్చి తన గిన్నె ముందు కూర్చుంటోంది.

పాలు పోసే అన్నకు. మీరు గంట కొట్టడం మానేసి, సైకిలు మూల మీదే ఆపి, నడిచి వచ్చి, గిన్నె గట్టు మీద పెట్టి వెళ్ళారు. తలుపులు దభాలున వేయకుండా పిల్లలకు నేర్పిన మూడో ఇంటివారికీ, చూడాలని ఎంత ముచ్చటపడుతున్నా గుమ్మం అవతలే ఆగిపోయిన ఆ పిల్లలకూ కూడా.

ఎదురింటి అవ్వకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అవ్వా, మీరు రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చి మా వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. పూలు కట్టుకున్నారు. రాగి వైపు ఒక్కసారి కూడా చూడలేదు, పిలవలేదు. పక్కన ఒక గుడ్డు ముక్క పెట్టుకుని మీ దారిన మీరు మల్లెలు కట్టుకుంటూ పోయారు. మొదటి వారం అది మీరు వెళ్ళాక వచ్చి తినేది. తరువాత మీరు ఉండగానే, మెడ సాచి, వెనక కాళ్ళు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా ఉంచుకుని తీసుకునేది. పదహారో రోజున వచ్చి మీ పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. మీరు మూర పూర్తయినా లేవలేదు. దీపం పెట్టే వేళ దాటినా లేవలేదు. కాలు తిమ్మిరెక్కి, తరువాత మా పాప భుజం పట్టుకుని లేచారు. అది ఈ ఇంట్లో తనంతట తాను ముట్టుకున్న మొదటి మనిషి నేను కాదు, మీరు. నాకు అందులో చిన్నతనం లేదు, మీరంటే గౌరవమే పెరిగింది.

మే నెలలో జాతర వస్తోందంటే నాకు నిద్ర పట్టలేదు. గంగమ్మ జాతర అంటే మన వీధిలో డప్పు ఆగే గంట ఉండదు. కూతకే వణికిన పిల్ల ఏమైపోతుంది? మూలింటి అబ్బాయి సంగతి ఇక్కడ చెప్పాలి. పదో తరగతి పరీక్షలయిపోయి సెలవుల్లో ఉన్న ఆ అబ్బాయి అప్పటికే రోజూ వచ్చి రాగికి వినపడేలా కథల పుస్తకాలు చదివేవాడు. కిందటి ఏడాది జాతర డప్పును తన ఫోనులోంచి తెచ్చి ఇచ్చింది అతనే. చాటింపుకు మూడు వారాల ముందు నుంచి కుక్కర్ కూతకు చేసినట్టే చేశాము. జాతర రోజుల్లో డప్పు కొట్టే కుర్రవాళ్ళు మా ఇల్లు దాటేదాకా చేతులు ఆపి, వీధి చివర మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మవారికి చేసే సేవలో ఒక కుక్కపిల్లకు చోటిచ్చిన ఆ కుర్రవాళ్ళకు నా నమస్కారం.

జాతరలో బండ వేషం కట్టే రోజున ఆ అబ్బాయి ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. రాగి చూసి వెనక్కి వెనక్కి వెళ్ళింది. అతను ఏమీ అనకుండా మెట్టు మీద పక్కకు తిరిగి కూర్చుని చేయి కింద పెట్టాడు. రాగి నేలకు అంటుకుపోయినట్టు పాకుతూ వచ్చి వేళ్ళు వాసన చూసింది. ఆ ఎర్రటి మనిషి లోపల ఉన్నది కథలు చదివే తన స్నేహితుడే అని అర్థమై తోక ఊపిన క్షణం నేను చూశాను. మూతికి కుంకుమ అంటింది. తుడవబుద్ధి కాలేదు గాని, నాకుతుందని తుడిచేశాను.

టీకాలు పూర్తయ్యాయి. రేబిస్ టీకా కూడా పడింది. మెరుపులకూ ఉరుములకూ ఇంకా భయమే, వానల్లో చూడాలి. ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి రాగి మెట్టు మీద కూర్చుంటుంది. నేను సంగటి, వేరుశనగ పచ్చడి చేస్తున్నాను, వీధివారంతా రావాలి. ఇన్నాళ్ళూ గుమ్మం అవతల ఆగిన పిల్లలు ముందుగా రావాలి. ఒక్కొక్కరుగా, కింద కూర్చుని, చేయి గడ్డం కిందుగా చాపండి. మిగతాది అది చూసుకుంటుంది.