చక్రాలు అమ్మేవారు కొలతల కాగితం కూడా ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కారుతో వచ్చిన చక్రాలు తీసేసి పెద్ద అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు వేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అది యజమాని ఇష్టం, నేను తప్పు పట్టను. నా అభ్యంతరమల్లా ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) సెడాన్లకు కూడా మిగతా కార్లకు అమ్మినట్టే అమ్మేయడం మీద. బోల్టులు పట్టాయి, ఫెండర్‌కు రాసుకోవడం లేదు, ఇక బయల్దేరవచ్చు అంటారు. ఈ కార్లలో అసలు చిక్కు కంటికి కనబడని చోట ఉంది.

ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య సెంటర్ డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక గానీ, క్లచ్ పలకలు గానీ ఉంటాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు వెనకల వేగాల్లో వచ్చే తేడాను అవి కాసేపు భరిస్తాయి. టైర్ల చుట్టుకొలతలు వేరుగా ఉంటే మాత్రం తిన్నని రోడ్డు మీద కూడా ఆ తేడా ఒక్క క్షణం ఆగదు. 225/45ఆర్17 టైరు (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ 17 అంగుళాలు) కొత్తదైతే వ్యాసం సుమారు 634 మిల్లీమీటర్లు. ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాళ్ల పొర, 4 మిల్లీమీటర్లు అరిగిందంటే వ్యాసం 8, చుట్టుకొలత 25 మిల్లీమీటర్లు తగ్గినట్టే. ముందు అరిగిన జత, వెనక కొత్త జత ఉన్న కారులో కిలోమీటరుకు ఆరు చుట్ల పైనే తేడా పడుతుంది. అలా గంటల తరబడి నడిస్తే లోపలి ఆయిల్ కాగుతుంది, పలకలు అరుగుతాయి. సుబారు కంపెనీ తన ఆల్ వీల్ డ్రైవ్ కార్లకు చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది. పై లెక్కలో తేడా దానికి నాలుగింతలు! "ఇప్పుడు రెండు వేయించుకోండి, మిగతా రెండు తర్వాత చూద్దాం" అనే సలహా ఈ కార్ల యజమానులకు ఎవరూ ఇవ్వకూడదు. వెనక మాత్రమే వెడల్పు టైర్లు కావాలనుకునేవారు కూడా ముందు వెనకల వ్యాసాలు లెక్క కట్టి చూసుకోవాలి.

నాలుగూ ఒకే సైజైనా జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. 17 అంగుళాల నుంచి 18కి వెళ్లేవారు 225/40ఆర్18 తీసుకుంటే వ్యాసం 637 మాత్రమే, పెద్ద మార్పు కాదు. 235/45ఆర్18 అయితే దాదాపు 669. స్పీడోమీటరు 100 చూపిస్తున్నప్పుడు కారు 105 మీద పోతుంటుంది. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 చెబుతోంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె. దాన్ని అడిగేవారూ తక్కువే, చెప్పేవారూ తక్కువే. 91 అని ఉన్న టైరు 615 కిలోలు మోస్తుంది. అదే వెడల్పులో 18 అంగుళాల మామూలు టైరు మీద 88 ఉండవచ్చు, అంటే 560 కిలోలే. ఎక్స్‌ట్రా లోడ్ రకంలో 92 దొరుకుతుంది, అది 630 మోస్తుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కుటుంబమంతా సామానుతో ఎక్కి కూర్చునే కారుకు తక్కువ బరువు మోసే టైరు బిగించి పంపడం ప్రాణాలకు సంబంధించిన విషయం.

రిమ్ సంగతీ అంతే. 7 అంగుళాల వెడల్పు రిమ్ స్థానంలో 8 అంగుళాలది, ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి గీత నుంచి బోల్టులు బిగించే ముఖానికి ఉన్న దూరం) 45 మిల్లీమీటర్ల బదులు 35 వేస్తే బయటి అంచు 23 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. వీల్ బేరింగ్ మీద భారం మారుతుంది, నిండా కూర్చున్నప్పుడు టైరు ఫెండర్‌కు ఒరుసుకోవచ్చు. చక్రం నడిమి రంధ్రం హబ్‌కు, అంటే చక్రం కూర్చునే ఇరుసు కొసకు, వదులైతే మధ్యలో రింగు వేయాలి.

జర్మనీలో ఇలాంటి మార్పులకు ధ్రువపత్రాలు ఉండాల్సిందే. అంత దూరం వెళ్లలేని చోట కూడా ఒక్క నియమం పెట్టడం కష్టం కాదు. చక్రాలు బిగించే ముందే పాత, కొత్త వ్యాసాలు, లోడ్ ఇండెక్స్, రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్ ఒక కాగితం మీద రాసి, అమ్మినవారి సంతకంతో యజమానికి ఇవ్వాలి. కారు ఆల్ వీల్ డ్రైవ్ అయితే నాలుగు టైర్ల ట్రెడ్ లోతు కూడా అందులో ఉండాలి. రవాణా అధికారులు దీన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. ఈలోగా పత్రికలు కొత్త చక్రాల ఫొటోలు వేసేటప్పుడు, వాటి కింద ఈ అంకెలు కూడా అచ్చు వేయాలని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు