మన చిత్రకళా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. వినాయక చవితికి పిల్లల పోటీ, రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి టూరు ఎప్పటిలాగే జరిగాయి కాబట్టి వాటి గురించి సాగదీయను. ఈసారి గట్టిగా చెప్పుకోవాల్సింది ఆదివారం క్లాసుల్లో అందరం ఒకే బొమ్మను చూసి వేయడం.

ఆ బొమ్మ ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన 'ద హే వేన్' (అంటే గడ్డిబండి). అసలుది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఆరడుగుల వెడల్పు. "గోదావరిని పక్కన పెట్టుకుని ఇంగ్లండు ఏరెందుకండీ?" అని ఒక పెద్దాయన మొదట్లోనే అడిగారు. ఏట్లో దిగిన బండి, ఒడ్డున ఇల్లు, చెట్లు, మబ్బులు, కొబ్బరిచెట్లు లేవన్న మాటే గానీ ఇంచుమించు మన కాలవగట్టే కదా!

ప్రింటు మీద గళ్లు గీసి, అదే లెక్కన షీటు మీద గీసుకుని, ముందు గోధుమ రంగుతో వెలుగునీడలు, తర్వాత ఆకాశం, చివర్లో చెట్లు. అందరూ ఆగిపోయింది చెట్ల దగ్గరే. ట్యూబులో పచ్చ అలాగే పూసేస్తే రేకుకి పెయింటేసినట్టు ఉంటుంది. కాన్‌స్టబుల్ ఆకుల్లో పసుపు ఎక్కువైన పచ్చ, నీలం ఎక్కువైన పచ్చ, మట్టిరంగు కలిసిన పచ్చ చిన్నచిన్న మచ్చలుగా పక్కపక్కనే ఉంటాయి. అందుకని ట్యూబు పచ్చని నిషేధించి, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), లెమన్ ఎల్లో, ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం) ఇచ్చి ఎవరి పచ్చ వాళ్లనే కలుపుకోమన్నాం. గొడవ చేశారు, కలిపారు. గుర్రాల జీను మీద కాస్త ఎరుపు ఉంటుంది, దాన్ని వేలితో మూసి చూడమంటే చుట్టూ ఉన్న పచ్చంతా చప్పబడిపోయింది.

తర్వాత అట్టలు పట్టుకుని కాలవగట్టుకి వెళ్తే వరి పచ్చ వేరు, కొబ్బరి పచ్చ వేరు, గుర్రపుడెక్క పచ్చ వేరని ఎవరూ చెప్పకుండానే కలుపుకున్నారు. గట్టు మీద స్కెచ్చి, బొమ్మ మాత్రం గదిలో. కాన్‌స్టబుల్ కూడా తన సొంత ప్రాంతం సఫోక్‌లో వేసుకున్న స్కెచ్చులతో లండన్‌లో కూర్చునే ఈ బొమ్మ వేశాడు, అదీ ముందు అంత సైజులోనే ఒక ఆయిల్ స్కెచ్ వేసుకుని.

"ఇది కాపీ కొట్టడం కాదా?" అన్నవాళ్లకి మా మాట ఇదే: నేర్చుకోడానికి వేయండి, వెనకాల 'కాన్‌స్టబుల్ బొమ్మకు నకలు' అని రాయండి, అమ్మకానికి మాత్రం పెట్టకండి.

వానల్లో ఆయిల్ రంగులు ఓ పట్టాన ఆరవు కాబట్టి ఆక్రిలిక్కే వాడాం. చందాల్లో ఎక్కువ భాగం రంగులకీ షీట్లకీ పోయింది, జమాఖర్చుల పుస్తకం కార్యదర్శి గారి దగ్గర ఎవరైనా చూడొచ్చు. వచ్చే ఏడాదికి దామెర్ల వారి బొమ్మ తీసుకుందామని కొందరంటున్నారు, మీ మాట సర్వసభ్య సమావేశంలో చెప్పండి. స్టాండ్లు ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు దయచేసి ఆ రోజే తెచ్చివ్వండి.