లోమ్‌లో నీళ్ల పారలు

రేయ్ మామా,

ఎలా ఉన్నావు? ఈసారైనా మీ బోరులో నీళ్లు పడ్డాయా? ఫోన్ చేసినప్పుడల్లా "నార్వేలో మీకేంరా, ఎప్పుడూ వానలే" అంటావు కదా. పోయిన వారం ఇక్కడి లోమ్ అనే ఊరికి వెళ్లొచ్చాను. అక్కడున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు.

పడమటి సముద్రం మీద నుంచి వచ్చే మబ్బులు యోటున్‌హైమెన్ కొండలకు అవతలే కురిసేస్తాయి. ఇవతలున్న లోమ్‌కు దక్కేది ఏడాదికి 300 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. మన అనంతపురానికే 550 దాకా పడుతుంది, ఆలోచించు! ఆ కొండల్లోనే 2,469 మీటర్ల గాల్‌హోపిగ్గెన్ ఉంది, దేశంలో అన్నిటికంటే ఎత్తైనది. పైన మంచు కరిగి దిగే వాగులే రైతులకు ఆధారం. వందల ఏళ్ల కిందటే వాగులకు గండి కొట్టి, వాలు వెంబడి కాలువలు తవ్వి, రాయి అడ్డొచ్చిన చోట చెక్క దోనెలు వేసి పొలం దాకా నీళ్లు తెచ్చుకున్నారు. అక్కడి నుంచి పొడుగు చెక్క పారతో కాలువలో నీళ్లు ఎత్తి పైరు మీదికి విసిరేవాళ్లు. మీ తాత తాళ్లు కట్టిన బుట్టతో నీళ్లు తోడుతూ గూడ వేసేవాడే, అలాంటి చాకిరే. ఇప్పుడు స్ప్రింక్లర్లు వచ్చాయనుకో.

నాకు భలే నచ్చిందేమిటంటే, ఆ మున్సిపాలిటీ చిహ్నంలో కొండా లేదు, గుడీ లేదు. నీలం మీద మూడు పసుపు రంగు నీళ్ల పారలు! ఉన్నది రెండు వేల పైచిలుకు జనం. లోకానికి మా గుర్తు ఇదీ అని చూపించడానికి నీళ్లు చల్లే పనిముట్టును ఎంచుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయిరా.

చెప్పుకోవడానికి ఇంకేమీ లేక కాదు. 12వ శతాబ్దపు చెక్క చర్చి అక్కడే ఉంది. తారు వాసన వేస్తూ ఇప్పటికీ నిటారుగా నిలబడింది. దాని నేల కింద 1973లో తవ్వితే రూన్ అనే పాతకాలపు లిపి అక్షరాలు చెక్కిన పుల్ల ఒకటి దొరికింది. హోవార్డ్ అనేవాడు గుడ్నీ అనే అమ్మాయికి పంపిన పెళ్లి కబురు అది. నీకు కోల్బెయిన్‌తో ఉండాలని లేకపోతే నన్ను చేసుకో, నీ మనసులో మాట చెప్పు, అని అడిగాడు. మన కాలేజీ రోజుల చీటీలు గుర్తొచ్చాయా?

సరే, నాకో పని చేసిపెట్టు. మీ పాత ఇంటి అటక మీద తాత గూడ ఇంకా ఉందేమో చూడు. ఉంటే ఫోటో తీసి పంపు, తాళ్లు కూడా కనబడాలి. లోమ్‌లో నేను దిగిన ఇంటి పెద్దాయనకు చూపిస్తానని మాటిచ్చి వచ్చాను.

నీ
మామ