డయాలిసిస్ రోగులకు మోషన్ టెస్ట్ కూడా చేయించండి: తమిళనాడు ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా ఆయనకు వారానికి 3 సార్లు, 4 గంటల చొప్పున డయాలిసిస్ జరుగుతుంది.

ఆమధ్య ఆయనకు మోషన్స్ పట్టుకున్నాయి. షుగర్ వల్ల అన్నారొకరు, ఫాస్ఫరస్ తగ్గించే మాత్రల వల్ల అన్నారింకొకరు. రెండు డయాలిసిస్‌ల మధ్య ఒంట్లో నీరు చేరి ఎప్పుడూ రెండు కిలోలకు పైగా పెరిగే మనిషి ఆరోజు తూకంలో కిలో కూడా పెరగలేదు. "నీళ్లు బాగా కంట్రోల్ చేశారు సార్" అని టెక్నీషియన్ మెచ్చుకుని, ఎప్పటిలాగే రెండు లీటర్ల నీరు తీయమని మిషన్‌లో పెట్టాడు. రెండో గంటకల్లా బీపీ పడిపోయింది, పిక్కలు పట్టేసి ఆయన విలవిల్లాడిపోయారు. ఒంట్లో నీరు అప్పటికే మోషన్స్‌లో పోయిందని ఎవరికీ తట్టలేదు.

మోషన్ టెస్ట్ చేయిస్తే నార్మల్ అని వచ్చింది. వేరే డాక్టరు గారు ప్రత్యేకంగా రంగు వేసి చూడమని రాస్తే అప్పుడు బయటపడింది, క్రిప్టోస్పోరిడియం అని, పేగుల్లో చేరి మోషన్స్ పట్టించే కంటికి కనిపించని పరాన్నజీవి. కిడ్నీలు పాడైనవాళ్లలో రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది కాబట్టి ఇలాంటివి త్వరగా వదలవు. ఇది మామూలు పరీక్షలో సాధారణంగా దొరకదు. కావలసిన యాసిడ్ ఫాస్ట్ రంగు కొత్తదేమీ కాదండీ, టీబీకి కఫం చూసే పద్ధతినే కాస్త మార్చి చేస్తారు. టీబీ స్లైడ్లు చూసే మీ ఆసుపత్రుల ల్యాబ్‌లలో కాస్త శిక్షణ ఇస్తే చాలు.

డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకు హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ఎలాగూ చేస్తున్నారు. మోషన్స్ తగ్గనివాళ్లకు ఈ పరీక్ష కూడా తప్పనిసరి చేయండి. ఒక్క శాంపిల్‌తో వదిలేయకుండా, వేర్వేరు రోజుల్లో మూడైనా చూడాలి. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకంలో డయాలిసిస్‌తో పాటే దీన్నీ కలపండి.

ఇంకా భయపెట్టేది స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు. మట్టిలో ఉత్త కాళ్లతో నడిస్తే చర్మంలోంచి ఎక్కుతుంది, ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పేగుల్లో ఉండిపోతుంది. కిడ్నీ మార్పిడి తర్వాత స్టెరాయిడ్లు మొదలుపెడితే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మా వార్డులో మార్పిడి కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లలో పొలాల్లో పెరిగినవాళ్లే ఎక్కువ. మార్పిడికి ముందే వాళ్లకు దీని రక్తపరీక్ష చేయించండి.

డయాలిసిస్ మిషన్‌కు శుద్ధి చేసిన నీళ్లే ఎక్కిస్తారు. రోగి తాగేది మాత్రం క్యాన్ నీళ్లు, ట్యాంకర్ నీళ్లు. క్లోరిన్‌కు క్రిప్టోస్పోరిడియం చావదు, మరిగిస్తే చస్తుంది. నీళ్లు మరిగించి చల్లార్చి తాగమని ప్రతి డయాలిసిస్ వార్డులో తమిళంతో పాటు తెలుగులోనూ బోర్డు పెట్టించండి.

ఇట్లు,
ఒక డయాలిసిస్ రోగి భార్య,
పెరంబూరు, చెన్నై