బండ్ల బాటలు మూసుకుపోతున్నాయి: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రెవెన్యూ శాఖ మంత్రి పొంగులేటి శ్రీనివాసరెడ్డి గారికి నమస్కారం.

ఆదివారం వస్తే నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ బండ్లు తీసుకుని మట్టి బాటల్లో తిరిగేవాళ్లం మేము. థార్లు, జిమ్నీలు, పాత జిప్సీలు. హైదరాబాద్ చుట్టుపక్కల మాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. మాకు కొత్త రోడ్డు అక్కర్లేదు, తారు అసలే అక్కర్లేదు. మన ఊళ్ల నక్షాల్లో, అంటే గ్రామ పటాల్లో, తాతల కాలం నుంచి ఉన్న ఎడ్లబండ్ల బాటలు ఒక్కొక్కటే కంచెల్లో కలిసిపోతున్నాయి. వాటిని కాపాడమని అడగడానికే ఈ లేఖ.

పోయిన నెల, వానలు కాస్త తెరిపిచ్చాక, వికారాబాద్ జిల్లాలో మేము ఏళ్లుగా పోతున్న ఒక బాటకు ఐదు బండ్లతో వెళ్లాం. రెండు పక్కలా తుమ్మలు, వేపలు, నడుమ మోకాలెత్తు గడ్డి, దానికి అటూ ఇటూ చక్రాల గాడి. కిలోమీటరు పోయేసరికి బాటకు అడ్డంగా రాతి కడీలు, ముళ్లతీగ, నీలం రంగు ఇనుప గేటు, దానికి తాళం. గేటు అవతల నేలంతా చదును చేసి, నంబర్లు రాసిన చిన్న రాళ్లు పాతారు. ఆ ప్లాట్లకు ఆవల పొలమున్న ఒక పెద్దావిడ గడ్డి మోపు ఎత్తుకుని వచ్చి గేటు దగ్గర ఆగింది. మమ్మల్ని చూసి, "జర గీ మోపందుకోండ్రి బిడ్డా" అంది. ఇద్దరం కలిసి మోపును తీగ మీదుగా ఇవతలికి దించాం. ఆమె వంగి తీగ కిందుగా దూరింది. కొంగు ముల్లుకు చిక్కుకుంటే మళ్లీ వెనక్కి జరిగి, చీర చిరగకుండా నెమ్మదిగా విడిపించుకుంది. రోజూ చేసే పనిలా చేసింది.

"మా అత్త కాలం నుంచి గీ బాటెంబడే బండ్లు నడిసినయి. నేనంటే గిట్ల దూరి వస్త. రేపు కోత మిషిన్ ఎట్ల రావాలె?" అని అడిగింది.

మేము బండ్లు తిప్పుకుని ఇంకో బాట వెతుక్కోవచ్చు. మాకు పోయేది ఒక్క ఆదివారమే. ఆమెకు పోయేది పంట. ఆ రోజు నుంచి ఈ విషయాన్ని మా సరదా వ్యవహారంగా చూడలేకపోతున్నాం.

తర్వాత ఆ ఊరి నక్షా కాపీ తీయించాం. నిజాం కాలపు సర్వే మీద ఆధారపడిన పటమది. సర్వే నంబర్ల మధ్య నుంచి రెండు తెగిన గీతలు పక్కపక్కనే సాగుతాయి. బండ్ల బాటకు గుర్తు అదే. ఒక్క తెగిన గీత ఉంటే కాలిబాట. మేము ఫోన్‌లో రికార్డు చేసుకున్న జీపీఎస్ జాడను ఆ పటం మీద పెట్టి చూశాం. గేటు ఉన్నచోట రెండు గీతలూ స్పష్టంగా ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని ఒక మండల కార్యాలయానికి వెళ్తే, "ఆ బాట మీకెందుకు? పొలమున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి" అన్నారు. పొలమున్న ఆమెను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్తే, సర్వే జరగాలన్నారు. సర్వే ఎప్పుడంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ఊరి పేరు, ఆ గేటు వేసినవారి పేరు ఇక్కడ రాయను. ఇది ఒక్క ఊరి గొడవ కాదు కాబట్టే మీకు రాస్తున్నాను.

మంత్రి గారూ, 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెండో సెక్షన్ ప్రకారం ప్రజా రోడ్లు, వీధులు, సందులు, బాటలు అన్నీ ప్రభుత్వ ఆస్తి. చట్టం ఉంది, నక్షా ఉంది. అయినా బాట ఎందుకు పోతోంది? నాకు అర్థమైనంతలో కారణం ఒక్కటే. పాస్‌బుక్‌లో ఎకరాలు, గుంటలు ఉంటాయి, వాటికి యజమాని ఉంటాడు. బాటకు పాస్‌బుక్ లేదు. అటు గెట్టు ఒక అడుగు జరిగినా, ఇటు గెట్టు రెండడుగులు జరిగినా బాట తరఫున అరిచే మనిషి లేడు. ఎడ్లబండ్లు పోయాయి, పక్కన తారురోడ్డు పడింది. బాటలో గడ్డి మొలిచింది. గడ్డి మొలిస్తే అది ఎవరిదీ కాదనుకుంటారు, కొన్నాళ్లకు ఎవరో ఒకరిదైపోతుంది. ప్లాట్లు అమ్మేటప్పుడు మాత్రం "నక్షా బాట ఉంది" అని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. అమ్మకం అయ్యాక అదే బాట లోపలి రోడ్డుగా మారి, దానికి గేటు పడుతుంది.

ఇప్పుడు మీ చేతిలో మంచి అవకాశం ఉంది. 2025 ఏప్రిల్ 14న భూ రికార్డుల కోసం తెచ్చిన భూ భారతిని ప్రారంభించారు. రిజిస్ట్రేషన్లకు సర్వే పటం జతచేయాలన్న నిబంధన ఆ చట్టంలో ఉంది. ఊళ్లకు గ్రామ పాలనాధికారులు వచ్చారు, లైసెన్సు పొందిన సర్వేయర్లు వస్తున్నారు. ఆ పటం గీసేటప్పుడు, ఆ భూమి లోపలి నుంచి గానీ పక్క నుంచి గానీ పోయే నక్షా బాటను తప్పనిసరిగా చూపాలని ఒక్క ఆదేశం ఇవ్వండి. బాట చూపని పటానికి రిజిస్ట్రేషన్ కాకూడదు. ఈ ఒక్క పని జరిగితే బాట ప్రతి లావాదేవీలో ఒకసారి కాగితం మీదికి వస్తుంది. కొనేవాడికీ తెలుస్తుంది, అమ్మేవాడికీ భయం ఉంటుంది. చెరువులు, నాలాల ఆక్రమణల మీద 2024లో హైడ్రా అనే సంస్థను పెట్టారు. చెరువు పోతే వరద వచ్చి చెబుతుంది. బాట పోతే చెప్పడానికి ఏదీ రాదు, ఆ పెద్దావిడలాంటి వాళ్లు తీగ కింద దూరి వెళ్లడం తప్ప.

ఇక మా తప్పుల గురించి కూడా రాయాలి. అది దాచిపెట్టి మిమ్మల్ని అడగడం న్యాయం కాదు.

2023 ఆగస్టులో అనంతగిరి అడవుల్లో కార్లు, బైకులతో రేసులు పెట్టారని వార్తలు వచ్చాయి. అప్పటి నుంచి ఆ వైపు పెద్ద టైర్ల బండి కనిపిస్తే చాలు, ఊరివాళ్లు అనుమానంగా చూస్తున్నారు. వాళ్ల కోపంలో న్యాయముంది. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడం నేరం. మూసీ పుట్టేచోట, నెమళ్లు గుడ్లు పెట్టేచోట ఇంజన్లు మోగించడం తప్పే. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, నీళ్లు చిమ్ముతూ వీడియోలు తీసుకోవడమూ తప్పే. వాన పడిన మర్నాడు నల్లరేగడి బాటలో బండి దింపితే మూరెడు లోతు గాడి పడుతుంది. ఎండాక అది రాయిలా బిగుస్తుంది. ఆ గాడిలో రైతు ట్రాక్టర్ ట్రాలీ పక్కకు ఒరిగితే ఆ పాపం మాది. మాలో కొందరు ఇవన్నీ చేశారు. చూసి ఊరుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకే ఈ మధ్య వేర్వేరు బృందాలవాళ్లం ఒకచోట కూర్చున్నాం. నాలుగు గంటలు గట్టిగానే మాట్లాడుకున్నాం. అడవిలోకి పోం, శిఖంలోకి పోం, చేనులోకి పోం. వాన పడితే రేగడి బాట ఆరేదాకా ఆగుతాం. ఊరు దగ్గర పడితే వేగం మనిషి నడకంత. పశువులు ఎదురైతే ఇంజన్ ఆపాలి. పదిహేను బండ్ల ఊరేగింపులు వద్దు, ఐదుకు మించకూడదు. ఈ మాట తప్పినవాళ్లను మళ్లీ వెంట తీసుకెళ్లం. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ బాటను వాడుకుంటే ఆ బాటకు ఏడాదిలో ఒక రోజు పని చేయాలి. గుంతల్లో మొరం పోయడం, పడిన తుమ్మకొమ్మలు కొట్టడం, కల్వర్టు తూములో పేరుకున్న చెత్త తీయడం. ఈ పనులకు బరువులు లాగే విన్చ్, తాళ్లు, పారలు మా బండ్లలో ఎలాగూ ఉంటాయి. 2018 కేరళ వరదల్లో అక్కడి ఆఫ్‌రోడ్ జీపులవాళ్లు సహాయక చర్యల్లో దిగారు. మన దగ్గరా అలాంటి అవసరం వస్తే మా బండ్లు కలెక్టర్ల చేతిలో పెడతాం.

ఇలాంటి ఏర్పాటు కొత్తేమీ కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో రూబికాన్ అనే బండరాళ్ల బాట ఉంది. 1887లోనే ఎల్డొరాడో కౌంటీ దాన్ని ప్రజా రహదారిగా ప్రకటించింది. జీపులు పెరిగేకొద్దీ ఆయిల్ మరకలు, కొట్టుకుపోయే మట్టి, మలవిసర్జన సమస్యగా మారాయి. 2001లో ఫ్రెండ్స్ ఆఫ్ ది రూబికాన్ పేరుతో స్వచ్ఛంద కార్యకర్తలు ఒక్కటయ్యారు. 2009లో అక్కడి నీటి నాణ్యత బోర్డు, బాటను శుభ్రం చేయాలని కౌంటీకి, అటవీ శాఖకు గట్టి ఆదేశమిచ్చింది. బాట మూతపడుతుందని అందరూ టెన్షన్ పడ్డారు. కానీ కౌంటీ, డ్రైవర్లు కలిసి నీటి ప్రవాహాన్ని మళ్లించే పనులు చేశారు, మరుగుదొడ్ల సంగతి చూసుకున్నారు. ఆయిల్ కారితే పీల్చే సామాను బండిలో పెట్టుకోవడం అలవాటైంది. బాట ఇప్పటికీ తెరిచే ఉంది.

ఇంగ్లండ్ అనుభవం వేరు. అక్కడ 2006లో తెచ్చిన చట్టంతో, రికార్డుల్లోకి ఎక్కని పాత బాటల మీద మోటారు బండ్ల హక్కు చాలావరకు రద్దయిపోయింది. వందల ఏళ్లు బండ్లు నడిచినా, కాగితం మీద లేనిది లేనట్టే అయింది. మన దగ్గర కాగితం ఉంది. అది పాతబడి, మడతల దగ్గర చిరుగుతోంది, అంతే.

మా దగ్గరున్న జీపీఎస్ జాడలన్నీ గ్రామాలవారీగా మీ శాఖకు ఉచితంగా ఇస్తాం. ఎక్కడ బాట తెరిచి ఉందో, ఎక్కడ గేటు పడిందో, ఎక్కడ దున్నేశారో తేదీలతో, ఫొటోలతో సహా ఇస్తాం. బదులుగా మాకు హక్కులేమీ రాసివ్వద్దు. బాట మూసేశారని ఎవరు ఫిర్యాదు చేసినా, వాళ్లకు అక్కడ పొలం ఉందా లేదా అని అడగకుండా తీసుకోమని తహసీల్దార్లకు చెప్పండి. ప్రజల బాట గురించి చెప్పడానికి పట్టాదారే కావాలనడం సరికాదు. పశువుల కాపరి చెప్పొచ్చు, బడికి నడిచే పిల్ల చెప్పొచ్చు, ఆదివారం వచ్చే మేమూ చెప్పొచ్చు. వికారాబాద్, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల్లో ఒక్కో మండలంతో మొదలుపెట్టినా చాలు. నక్షా బాటల హద్దురాళ్లు మళ్లీ పాతించండి. రాళ్లు మోసే పనికి మేమొస్తాం.

ఆ పెద్దావిడ దరఖాస్తు కాపీ, నక్షా, మా జీపీఎస్ పటం మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. వరి కోతలకు ఇంకా మూడు వారాలే ఉంది. నిన్న ఫోన్ చేస్తే, గేటుకు తాళం అలాగే ఉందని చెప్పింది.

ఇట్లు,
హైదరాబాద్ పరిసరాల ఆఫ్‌రోడ్ డ్రైవర్ల తరఫున
ఒక బండి యజమాని