పరీక్షలు కోడలికేనా, గాలికి వద్దా?

సంపాదకులకు నమస్కారం.

జ్ఞానాపురంలో పొద్దున మేడ మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి మసిబారుతుంది. వేలితో రాస్తే నల్లగా అంటుకునే ఆ పోర్టు బొగ్గు ధూళి కంటికి కనిపించేది మాత్రమే. కనిపించని పీఎం 2.5 కణాలు (2.5 మైక్రాన్లకు మించని అతి సన్నని ధూళి) ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. ఆస్తమా, గుండెజబ్బుల గురించి అందరూ మాట్లాడతారు. సంతానం సంగతి వచ్చేసరికి ఎవరూ నోరు విప్పరు.

పెళ్లయి రెండు మూడేళ్లు దాటితే చాలు, మన ఇళ్లలో వేళ్లన్నీ కోడలి వైపే చూపిస్తాయి. ఎంత అన్యాయం! 1973–2018 మధ్య మగవారి వీర్యకణాల సాంద్రత సగానికి పైగా తగ్గిందని 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష తేల్చింది. కారణాలపై ఇంకా చర్చ ఉంది. కానీ సీసం, కొన్ని పురుగుమందులు సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తాయన్నది తెలిసిందే. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు, తమకు పిల్లలు పుట్టడం లేదేమిటని తమలో తాము మాట్లాడుకోబట్టే ఆ ముప్పు బయటపడింది.

మన పరవాడ వైపు రసాయన ఫ్యాక్టరీలకు వెళ్లే కాంట్రాక్టు కుర్రాళ్లకు ఇవన్నీ ఎవరు చెబుతారు? వాళ్ల ఆరోగ్య పరీక్షల్లో, కోరినవారికి వీర్య పరీక్ష కూడా ఉచితంగా, గుట్టుగా చేయించాలి. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయన ఆవిరి పీల్చిన వెంకటాపురం వాసులకు, ముఖ్యంగా అప్పటి పిల్లలకు, ఏటా పరీక్షలు చేసి రిపోర్టులు వాళ్ల చేతికే ఇవ్వాలి. బొగ్గు నిల్వలనూ లారీలనూ పూర్తిగా కప్పి ఉంచేలా అధికారులు చూడాలి.

– ఒక పాఠకురాలు, జ్ఞానాపురం, విశాఖపట్నం